టీ కొట్టు దగ్గర తెలిసే సంగతులు

(ఉద్యోగాలు చేసుకునే మహిళల సమావేశంలో ఒక విద్యుత్ ఇంజినీరు మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ మొదటి వరుసలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అవి పెద్దవాళ్లకని ఎవరూ రాసిపెట్టలేదు. రండి.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా కరెంటు పనిలో ఉన్నాను. సబ్‌స్టేషన్లు, లైన్లు, లోపం వస్తే పసిగట్టి కరెంటు ఆపించే రిలేలు, వీటి మధ్యే నా రోజులు గడిచాయి. స్టేజీ మీద మాట్లాడే అలవాటు తక్కువ. కాగితం కూడా తెచ్చుకోలేదు, తోచింది తోచినట్టు చెబుతాను.

ముందు నాకు జరిగిన ఒక సంగతి. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, చేరిన నాలుగో ఏడు అది, 132 కేవీ సబ్‌స్టేషన్‌లో డ్యూటీ. పాత ఎలక్ట్రోమెకానికల్ రిలేలు తీసేసి, కంప్యూటర్ పద్ధతిలో పనిచేసే న్యూమరికల్ రిలేలు పెట్టడం మొదలైన కాలం. ఆ పని నేర్చుకున్నవాళ్లకి ఇంకో పదేళ్లు తిరుగుండదని మా అందరికీ తెలుసు. సరిగ్గా దాని మీదే బెంగళూరులో రెండు వారాల ట్రైనింగ్ పడింది, మా వైపు నుంచి ముగ్గుర్ని పంపమన్నారు, ముగ్గురు వెళ్లారు. వాళ్లు రైలెక్కిన మర్నాడు ఆపరేటర్ లాగ్‌షీట్ రాస్తూ తలెత్తి "మేడం, మీరు వెళ్లలేదా?" అన్నాడు. ఎక్కడికి అన్నాను నేను.

మా పై అధికారి, డివిజనల్ ఇంజినీరు, డీఈ గారి దగ్గరికి వెళ్లి అడిగాను. "అయ్యో, నీకు ఇంట్రెస్ట్ ఉందని ఎవరికి తెలుసమ్మా? ఒక్క మాట అడిగుంటే నీ పేరే ముందు రాసేవాణ్ణి కదా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నాకు పని నేర్పిన మనిషి ఆయన, నా మీద ఏ కోపమూ లేదు. జరిగిందల్లా ఏమిటంటే, సర్క్యులర్ ఇంకా టైపు కాకముందే, సాయంత్రం ఆరింటికి ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఆ మాట వచ్చింది. అక్కడున్న ముగ్గురూ మా పేర్లు రాయండి సార్ అన్నారు, ఆయన రాసేశారు. ఆరింటికి నేనెక్కడున్నాను? బస్సులో. మా పాపను చూసుకునే ఆవిడ ఆరున్నరకి వెళ్లిపోతుంది, ఈలోగా నేను ఇంటికి చేరాలి.

ఆ ముగ్గురిలో ఇద్దరు తర్వాత ఆ రిలేల పని చూసే ప్రొటెక్షన్ వింగ్‌కి వెళ్లారు. నేను వెళ్లడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. ఏడేళ్లు!

ఎవరైనా నన్ను కావాలని తొక్కేసి ఉంటే పోట్లాడేదాన్ని, ఫిర్యాదు రాసేదాన్ని. ఇక్కడ పోట్లాడటానికి ఎదురుగా మనిషే లేడు. అందుకే ఆ సంగతి నాలో అలా ఉండిపోయింది.

ఆడవాళ్ల ఉద్యోగాల గురించి ఎక్కడ మీటింగ్ పెట్టినా మొదటగా చెప్పే మాట, ఆత్మవిశ్వాసం పెంచుకోండమ్మా అని. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. రాత్రి రెండింటికి వానలో ఫీడర్ ట్రిప్ అయి లైను ఆగిపోతే ఒక్కత్తే యార్డులోకి టార్చి పట్టుకుని వెళ్లే అమ్మాయిల్ని నేను చూశాను. ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి పడుకోబెట్టి వచ్చి పరీక్ష రాసినవాళ్లని చూశాను. వాళ్లకి ధైర్యం గురించి మనం పాఠం చెప్పాలా? వాళ్లకి చేరనిది వార్త. ఎక్కడ ఖాళీ వచ్చింది, ఎవరి పేరు అనుకుంటున్నారు, ఏ బదిలీకి ఎప్పుడు అప్లికేషన్ పెట్టాలి, పక్క కంపెనీలో ఇదే పనికి ఎంతిస్తున్నారు, ఏ బాస్ కింద పని నేర్చుకోవచ్చు, ఎవరి కింద అసలు చేరకూడదు. ఇవేవీ నోటీసు బోర్డులో ఉండవు. ఉన్నా, నోటీసు బోర్డుకి ఎక్కేసరికి పని అయిపోయి ఉంటుంది.

నెట్‌వర్క్ అని ఇంగ్లీషులో పెద్ద మాట వాడుతున్నారు గానీ, నా వరకు అది ఇదే. వార్త సమయానికి మన దాకా రావడం, మనం లేని గదిలో మన పేరు ఎవరో ఒకరు ఎత్తడం.

ఇది మనకి చేతకాదా అంటే, చక్కగా చేతనవును. మన ఇళ్లలో పెళ్లి సంబంధాలు ఎలా కుదురుతాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏలూరులో పిన్నిగారి ఆడపడుచుకి తెలిసిన టీచరుగారు ఒకరు, ఆవిడ పక్క వాటాలో ఉండేవాళ్ల అబ్బాయి పూణేలో, ఇంకా చూడటం మొదలుపెట్టలేదట, అని నాలుగు ఇళ్లు దాటి కబురు మన వంటింట్లోకి వచ్చేస్తుంది. అంతా నడిపేది ఆడవాళ్లే. అబ్బాయి జీతం, అత్తగారి స్వభావం, వాళ్ల తాతగారి జబ్బుతో సహా రెండు రోజుల్లో కనుక్కుంటాం. అదే మనం, పక్క ఊళ్లో ఒక ఉద్యోగం ఖాళీ ఉందా అని ఫోన్ చేసి అడగాలంటే మొహమాటపడిపోతాం. అమ్మాయి పెళ్లి కోసం అడిగితే బాధ్యత అనుకుంటారు, మన ఉద్యోగం కోసం మనమే అడిగితే చేయి చాచినట్టుంటుందని మనకి నేర్పేశారు.

ఆ సంబంధాల కబురు గమనించారా, దగ్గరవాళ్ల దగ్గర్నుంచి రాదు. దగ్గరవాళ్లకి తెలిసినవన్నీ మనకి ముందే తెలుసు కాబట్టి. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1970ల్లో దీన్ని ఉద్యోగాల విషయంలో లెక్కకట్టి చూశారు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లని పట్టుకుని, నీకు ఈ పని సంగతి ఎవరు చెప్పారు, వాళ్లని నువ్వు ఎంత తరచుగా కలుస్తావు అని అడిగారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, తరచూ కలిసే మనిషి చెప్పింది వందకి 17 మందికే. మిగతా అందరికీ అప్పుడప్పుడో, ఏడాదికోసారో కలిసే మనిషి చెప్పారు. మనకి రోజూ కనిపించేవాళ్లు ఎవరు? ఇల్లు, ఆఫీసులో పక్క సీటు, అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు. అప్పుడప్పుడు కలిసే ఆ రెండో వరుస పరిచయాలు, ఉద్యోగం చేసే మగవాడికి టీ కొట్టు దగ్గరా, యూనియన్ మీటింగులోనూ, ఆదివారం షటిల్ కోర్టులోనూ వాటంతట అవే ఏర్పడతాయి. మనకి ఏర్పడవు. కావాలని కూర్చుని ఏర్పాటు చేసుకోవాలి.

నాకు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో చెబుతాను. మా ఇంట్లో వంట చేసే ఆవిడ ఒకరోజు సాయంత్రం రాలేనండీ అంది. ఏమమ్మా అంటే, పొదుపు సంఘం మీటింగ్ ఉంది అంది. కూతురి నర్సింగ్ ఫీజుకి సంఘంలో అప్పు అడిగిందట, ఆ రోజు తీర్మానం రాస్తారట. వారం తిరిగేసరికి డబ్బు వచ్చింది. ఆమెకి ఆపద వస్తే అడగడానికి పదకొండు మంది ఉన్నారు, ఒక పుస్తకం ఉంది, ఒక తేదీ ఉంది. నేను ఇంజినీర్ని, నెలకి ఆమె జీతానికి ఎన్నో రెట్లు తెచ్చుకుంటున్నాను, నా ప్రమోషన్ ఎందుకు ఆగిందో అడగడానికి నాకు ఒక్క మనిషి లేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఈ సంఘాల వెనక కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, నెల్లూరు జిల్లావాళ్లయితే నాకంటే బాగా చెబుతారు. దూబగుంటలో ఆడవాళ్లు చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చారు. అక్షరాలు దిద్దుతూ ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నారు. నా మొగుడు కూలి డబ్బంతా సారాకి పోస్తున్నాడని ఒకామె అంటే, మా ఇంట్లోనూ అంతే అని అందరూ అన్నారు. అప్పటిదాకా ఎవరి గోడల మధ్య వాళ్లు ఇది నా తలరాత అనుకున్న విషయం, పదిమంది ఒకచోట కూర్చునేసరికి ఊరి విషయం అయింది. సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారాని నిషేధించాల్సి వచ్చింది. అలా మిగిలిన డబ్బుతో రోజుకో రూపాయి దాచుకోవడం, పొదుపు లక్ష్మి సంఘాలు, అవన్నీ తర్వాత వచ్చాయి. మొదలు మాత్రం ఒకరితో ఒకరు చెప్పుకోవడం.

ఆఫీసుల్లో కూడా అంతే కదా. ప్రసూతి సెలవు తర్వాత నాకు ఈ సంవత్సరం పనితీరు గ్రేడ్ తగ్గింది అని ఒకామె బాత్రూంలో ఏడ్చి మొహం కడుక్కుని బయటికొస్తుంది. పక్క సెక్షన్‌లో ఇంకొకామె అదే ఏడాది, అదే ప్రసూతి సెలవు తర్వాత, అలాగే గ్రేడ్ తగ్గి ఇంటికెళ్లి ఏడుస్తుంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిస్తే అది ఇద్దరి తప్పూ కాదని అర్థమవుతుంది, కలిసి వెళ్లి అడుగుతారు.

ఇక్కడ మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. నేను ఎక్కడ మాట్లాడినా ఆవిడ గురించి చెప్పకుండా దిగను. అయ్యలసోమయాజుల లలిత గారు. మన దేశంలో ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళల్లో ఒకరు, తెలుగావిడ, మద్రాసులో 1919లో పుట్టారు. పదిహేనేళ్లకే పెళ్లి, పద్దెనిమిదేళ్లకి భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో వితంతువు బతుకు ఎలా ఉండేదో నేను మీకు చెప్పక్కర్లేదు. వాళ్ల నాన్నగారు పప్పు సుబ్బారావు గారు మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన పూనుకుని ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, పై అధికారుల అనుమతి తెప్పించి, 1940లో ఆవిణ్ణి అక్కడ చేర్పించారు. వందల మంది అబ్బాయిలున్న కాలేజీలో ఒక్కర్తే అమ్మాయి.

నా మనసుకి పట్టింది ఆ తర్వాత సంగతి. కూతురికి సీటు వచ్చింది కదా అని ఆయన ఊరుకోలేదు. పిల్ల అక్కడ ఒంటరిగా ఉందని చూసి, ఇంజినీరింగ్‌లో ఆడపిల్లల్ని చేర్చుకుంటున్నాం అని పత్రికల్లో ప్రకటన ఇవ్వమని కాలేజీవాళ్లని ఒప్పించారు. ఆ ప్రకటన చూసి మర్నాటి ఏడాది ఇద్దరు వచ్చారు, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా, ఇద్దరూ సివిల్. లలిత గారు వాళ్లకంటే ఏడాది ముందున్నా, యుద్ధకాలం కాబట్టి చదువు కుదించడంతో ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. పట్టా కాగితం మీద అతడు అని అచ్చువేసి ఉంటే దాన్ని కొట్టేసి ఆమె అని చేత్తో రాసి ఇచ్చారు. అచ్చువేసినవాళ్లకి ఆడమనిషి వస్తుందన్న ఊహే లేదు!

ఆ త్రేసియా గారు తర్వాత కేరళలో చీఫ్ ఇంజినీరు అయ్యారు, 1971లో. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. ఒక తండ్రి తన కూతురికి తోడు కావాలనుకుని వేయించిన ప్రకటన ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పని నేర్చుకున్నారు, సిమ్లాలో కొన్నాళ్లు పనిచేశారు, ఆ తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి చాలా ఏళ్లు లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు డిజైన్ చేశారు. భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పని కూడా వాటిలో ఉంది. కలకత్తా ఎందుకంటే అక్కడ ఆవిడ అన్నగారి ఇల్లుంది, పాపని చూసుకోవడానికి వదినగారున్నారు. ఆ వదినగారిని కూడా నేను నెట్‌వర్క్ అనే అంటాను, లెక్కలోకి ఎవరూ రాయరు గానీ. ఆవిడ లేకపోతే భాక్రా పనిలో లలిత గారి చెయ్యి ఉండేది కాదు.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అమెరికాలోని సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజినీర్స్ పెట్టింది. లలిత గారు వెళ్లారు. మన దేశం తరఫున పంపడానికి ఇక్కడ అలాంటి సంఘమే లేదు, అందుకని సొంతంగా వెళ్లారు. మర్నాటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజినీర్ల సొసైటీలో సభ్యత్వం తీసుకున్నారు. ఆ సొసైటీ పుట్టింది కూడా 1919లోనే, ఆవిడ పుట్టిన ఏడాదే. ఇంజినీరుగా దాదాపు ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషి, తనలాంటి వాళ్లని ఒక గదిలో చూడటానికి సముద్రాలు దాటాల్సి వచ్చింది. మనం ఇవాళ సిటీ బస్సెక్కి వచ్చాం.

సరే, నా కథకి వస్తాను. మేము ఏడుగురం కలిసి మొదలుపెట్టాం, 2009లో. ఒకామె ఇంట్లో, నెలలో మొదటి శనివారం. మొదట్లో ఏమైందో నిజం చెబుతాను, ఎందుకంటే మీరు మొదలుపెట్టినా అదే అవుతుంది. మూడు నెలలు చాలా సంతోషంగా నడిచింది. నాలుగో నెలకి కష్టాలు చెప్పుకునే చోటు అయింది, ఆరో నెలకి పిండివంటలు చేసి తెచ్చే చోటు అయింది. రాను రాను ముగ్గురం మిగిలాం. కష్టం చెప్పుకోవడం తప్పని నేను అనను, దానితోనే మొదలవుతుందని ఇందాక నేనే చెప్పాను. కానీ చెప్పుకుని ఇంటికెళ్లిపోతే మర్నాడు ఆఫీసులో ఏమీ మారదు.

అప్పుడు మా వంటావిడ సంఘం చూసి నేర్చుకున్నాం. ఒక నోటు పుస్తకం పెట్టాం. వచ్చిన ప్రతి మనిషీ రెండు మాటలు చెప్పాలి, నాకు తెలిసిన కొత్త సంగతి ఇది, నాకు కావలసింది ఇది. ఏమీ లేదు అనడానికి వీల్లేదు. పుస్తకంలో రాస్తాం. వచ్చే నెల మొదట ఆ పేజీ తీసి, పోయిన నెల అడిగినదానికి ఎవరేం చేశారో చదువుతాం. ఇంతే. మా ఆఫీసువాళ్లమే ఉంటే అందరికీ తెలిసింది ఒకటే, కాబట్టి మనిషికొకరు చొప్పున బయటివాళ్లని తీసుకురావాలన్నాం. ఒక బ్యాంకు ఆవిడ వచ్చారు, ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసే అమ్మాయి వచ్చింది, ఒక లెక్చరర్, ఒక ఆర్కిటెక్టు. నాకు కరెంటు వైపు తప్ప లోకం తెలీదు, వాళ్ల మాటలు వింటుంటే కిటికీలు తెరిచినట్టుండేది.

ఆ పుస్తకంలో ఉన్న ఒక పేజీ చెబుతాను. మా ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసే అమ్మాయి, ఐదో నెల గర్భం. సెలవు పెడితే జీతం ఉండదు, మళ్లీ పనికి రానక్కర్లేదు అని కాంట్రాక్టరు మనిషి చెప్పాడట. ఆ పిల్ల మా మీటింగుకి రావడానికే భయపడింది, మీరంతా పర్మినెంటు కదా మేడం అంది. నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అందరం అయ్యో పాపం అంటుంటే, అకౌంట్స్ అమ్మాయి మాత్రం ఒకటే అడిగింది. "నీ జీతంలో ఈఎస్ఐ కట్ అవుతోందా?" స్లిప్ తీసి చూస్తే అవుతోంది, రెండేళ్లుగా అవుతోంది. అయితే 26 వారాల సెలవుకి పూర్తి కూలి లెక్కన డబ్బు ఉద్యోగుల బీమా చూసే ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు, కాంట్రాక్టరు జేబులోంచి పోయేది ఏమీ లేదు, అంతకుముందు చందా లెక్కగట్టే రెండు కంట్రిబ్యూషన్ కాలాల్లో 70 రోజుల చందా కట్టి ఉంటే చాలు, ఆ సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం కూడా చట్టానికి విరుద్ధం అని చెప్పింది. మాలో ఇంజినీర్లం నలుగురం ఉన్నాం, ఒక్కరికీ ఈ సంగతి తెలీదు. ఆ పిల్లకి డబ్బు వచ్చింది, ఉద్యోగం నిలబడింది. పాపకి ఇప్పుడు ఐదేళ్లు.

అప్పట్నుంచి నాకు ఒక పట్టుదల. పెద్ద హోటళ్లలో మహిళా నాయకత్వ సదస్సులు జరుగుతున్నాయి, మంచిదే, నేనూ వెళ్లాను. కానీ ఆ హాల్లో మైకు సర్దే అమ్మాయి, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఆ సదస్సులో లెక్కలోకి రారు. వాళ్లకీ ఉద్యోగముంది, వాళ్లకీ ఎదగాలనుంది. పర్మినెంటు వాళ్లం పర్మినెంటు వాళ్లతోనే కలిస్తే అది ఇంకో టీ కొట్టు అవుతుంది, మనం బయట నిలబెట్టేవాళ్లు మారతారంతే.

ఇక పేరు ఎత్తడం గురించి. మీటింగులో ఒక అమ్మాయి ఏదో చెబుతుంది, ఎవరూ పట్టించుకోరు. పది నిమిషాల తర్వాత అదే మాట ఒక సార్ అంటారు, అద్భుతం సార్ అంటారు అందరూ. నవ్వుతున్నారు, మీ అందరికీ జరిగిందన్నమాట. ఒబామా హయాంలో వైట్ హౌస్‌లో పనిచేసిన మహిళలు దీనికి ఒక ఉపాయం చేశారని 2016లో పేపర్లలో వచ్చింది. ఒకరు మంచి మాట చెప్పగానే ఇంకొకరు ఆ మాటని ఆమె పేరుతో సహా మళ్లీ చెప్పడం. మేము అది అచ్చంగా మా రివ్యూ మీటింగుల్లో పెట్టుకున్నాం. "ఇందాక ఏఈ మేడం చెప్పిన కెపాసిటర్ బ్యాంక్ సంగతి బాగుంది సార్, దాని మీద ఇంకొంచెం వివరంగా చెప్పమనండి." ఇంత చిన్న వాక్యం. రెండు నెలలు అయ్యేసరికి పై అధికారి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) గారే ఆమెని అడగడం మొదలుపెట్టారు.

సలహాలు ఇచ్చేవాళ్లు మనకి కొల్లలు. నీ పేరు నేను చెబుతాను అనేవాళ్లు కావాలి. మీలో కాస్త పై సీట్లో ఉన్నవాళ్లకి నా మనవి ఇదే. బదిలీల దగ్గర, ట్రైనింగుల దగ్గర, కమిటీల దగ్గర కూర్చున్నప్పుడు ఒక్క పేరైనా తీసుకుని వెళ్లండి.

నేను ఇందులో ఒక తప్పు చేశాను, అది కూడా చెప్పాలి. ఒక పెద్ద ప్రాజెక్టు సైటుకి మనుషుల్ని ఎంచుతున్నారు. ఒక అమ్మాయి పేరు వచ్చింది, పనిలో చురుకైన పిల్ల. నేను అన్నాను, "ఆమెకి ఏడాది బాబు ఉన్నాడు సార్, అంత దూరం కష్టం" అని. ప్రేమతోనే అన్నాను. పేరు కొట్టేశారు. ఆ అమ్మాయి తర్వాత నా దగ్గరకొచ్చి, మా అమ్మ నాతో వచ్చి ఉంటానంది మేడం, నన్ను ఒక్కసారి అడగాల్సింది అంది. గొంతు పెంచలేదు. మా డీఈ గారు నాకు చేసిందే నేను ఆ పిల్లకి చేశాను, ఆయనకైనా తెలీక చేశారు, నాకు తెలుసు. ఆమె తరఫున మనం నిర్ణయం తీసుకోకూడదు, అడగాలి. ఒక్క ఫోన్ కాల్ పని అది.

ఆడదానికి ఆడదే శత్రువు అని అంటారు. ఈ ప్రశ్న చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. పదిమంది కూర్చునే బల్ల దగ్గర ఆడవాళ్లకి ఒక్క కుర్చీ వేస్తే, ఆ కుర్చీ కోసం ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటే, చూసేవాళ్లకి ఆ పోట్లాటే కనిపిస్తుంది. మిగతా తొమ్మిది కుర్చీల కోసం మగవాళ్లు ఎంత కొట్టుకున్నా దాన్ని పోటీ అంటారు. ఇంకో రెండు కుర్చీలు వేయించండి, అప్పుడు చూద్దాం ఎవరు ఎవరికి శత్రువో.

వేధింపుల సంగతి కూడా ఇందులోనే ఉంది, తొందరగా చెబుతాను. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కారణం చూపితే ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. ఈ మూడు నెలల గడువు చూడండి. ఒంటరిగా ఉన్న అమ్మాయికి ఇది నిజంగా జరిగిందా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా అని తేల్చుకోవడానికే ఆ కాలం సరిపోతుంది. పక్కన ఒకరుంటే వారంలో కాగితం రాస్తుంది. మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్లు 2017లో సంఘం పెట్టుకుని అడిగితే, అక్కడి ఆడవాళ్ల పరిస్థితి చూడటానికి హేమ కమిటీ వేశారు. ఆ కమిటీ నివేదిక ఇచ్చింది 2019 డిసెంబర్‌లో, జనానికి అందింది 2024 ఆగస్టులో. అన్నేళ్లు ఆ విషయం చచ్చిపోకుండా పట్టుకుని ఉండటం ఒక్క మనిషి వల్ల కాదు, ఉద్యోగాలు పోతున్నా, పాత్రలు రాకపోయినా.

టైం ఎక్కడుంది మేడం అంటారు. నిజమే, లేదు. అందుకే సాయంత్రం మీటింగులు పెట్టకండి, పిల్లలున్నవాళ్లు రాలేరు, హాస్టల్లో ఉన్న అమ్మాయిలకి గేటు మూసేస్తారు. మేము లంచ్ టైంలో నలభై నిమిషాలకి మార్చాం, డబ్బాలు తెచ్చుకుని తింటూనే. పిల్లల్ని తీసుకొచ్చినా ఎవరూ ఏమీ అనకూడదని రాసుకున్నాం. వాట్సాప్ గ్రూపు పెడితే అందులో గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు, ఫార్వార్డులు పెట్టొద్దని మొదటి రోజే చెప్పండి, కాస్త కటువుగా అనిపించినా. ముఖ్యమైన నోటిఫికేషన్ ఆ బొమ్మల కింద పడి కనిపించక, మాలో ఒకామె డిపార్ట్‌మెంట్ టెస్ట్ ఫీజు గడువు దాటిపోయింది. జీతాల సంగతి మాత్రం గ్రూపులో రాయకండి, ఎదురుగా కూర్చుని చెప్పుకోండి. చెప్పుకోండి మాత్రం. నాకింత వస్తోంది అని చెబితే దిష్టి తగులుతుందనుకుంటాం గానీ, చెప్పుకోకపోవడం వల్ల లాభపడేది మనం కాదు. మాతో ఉన్న ఆర్కిటెక్టు తనకంటే జూనియర్ అబ్బాయి ఫీజు ఎంత తీసుకుంటున్నాడో తెలిశాకే తన రేటు మార్చింది.

మగవాళ్లని రానివ్వాలా అని మాలో పెద్ద చర్చే జరిగింది. నెలవారీ కూర్చోవడానికి వద్దనుకున్నాం. కానీ మూడు నెలలకోసారి ఒక సీనియర్ని పిలిచి మాట్లాడించుకుంటాం, మగవాళ్లైనా సరే. ఇప్పటికీ చాలా వార్తలు వాళ్ల దగ్గరే పుడుతున్నాయి మరి. వచ్చిన వాళ్లలో ఒక రిటైర్డ్ డీఈ గారు ఉన్నారు. ఎవరో మీకు అర్థమైందనుకుంటాను. ఆయన ఆ టీ కొట్టు సంగతి నా నోట మొదటిసారి ఆ రోజే విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు తన ఫోన్ నెంబరు బోర్డు మీద రాసి, ప్రొటెక్షన్ మీద డౌట్లుంటే ఏ టైంలోనైనా చేయండమ్మా అన్నారు. మా పిల్లలు ఇప్పటికీ చేస్తున్నారు, ఆయన విసుక్కోకుండా చెబుతున్నారు.

నాకిచ్చిన టైం అయిపోయింది, నిర్వాహకులు చెయ్యి చూపిస్తున్నారు. తలుపు దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. పేరు, చేసే పని, తెలిసిన సంగతి ఒకటి, కావలసింది ఒకటి, నాలుగు గడులు గీశాను. నెంబరు రాయడం ఇష్టం లేనివాళ్లు రాయకండి, నన్ను కలవండి చాలు. మొదటి లైను నేను నింపాను. నాకు తెలిసిన సంగతి, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన అమ్మాయిలకి మా దగ్గర అప్రెంటిస్ ఖాళీలు ఉన్నాయి, అడిగితే ఎలా పెట్టాలో చెబుతాను. నాకు కావలసింది, అమలాపురం వైపు సబ్‌స్టేషన్‌లో పోయిన వారమే చేరిన ఒక అమ్మాయికి ఉండటానికి గది, రాత్రి షిఫ్ట్ దిగి తెల్లవారుజామున వచ్చినా తలుపు తీసే ఇల్లు అయితే చాలు. మీలో అటువైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్కడ పసుపు చీర ఆవిడ చెయ్యెత్తారు. రండమ్మా, టీ తాగుతూ మాట్లాడుకుందాం.